సజ్జ దిగిన బొమ్మల పుస్తకాలు

తిరుమల గుళ్ళో హుండీకి ఎదురుగా ఒక చిన్న రాతి అర ఉంది. తాళ్ళపాక అర అనీ, సంకీర్తన భాండాగారమనీ అంటారు. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు కొన్ని వందల ఏళ్ళు అందులోనే ఉండిపోయాయి. దర్శనం చేసుకుని వచ్చే జనం చూపంతా హుండీ మీదే. మొక్కు చెల్లించే తొందరలో ఎదుటి అర ఎవరికి కనిపిస్తుంది? నాకు మాత్రం ఆ రెండూ అలా ఎదురెదురుగా ఉండటం భలే అనిపిస్తుంది. ఒకటి వదిలేసే చోటు, ఇంకొకటి దాచిపెట్టే చోటు. నిలువుదోపిడి మొక్కుకున్నవాళ్ళు ఒంటిమీది నగలన్నీ ఒలిచి హుండీలో వేసి, తేలికపడి బయటికి నడుస్తారు. తాళ్ళపాక వాళ్ళేమో తమ పెద్దల పాటల్లో ఒక్కటీ పోగూడదని రాగి మీదికి ఎక్కించారు. ఈ రెండు బుద్ధులూ లోకంలో ఉండాల్సినవే. ఒకే మనిషిలో ఒకే రోజున మేలుకుంటేనే చిక్కు.

నాకు ఆ చిక్కు బొమ్మల పుస్తకాల దగ్గర వచ్చింది. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఇల్లు ఖాళీ చేసి తిరుపతిలో ఫ్లాటుకు మారాం. పాత ఇంటి సజ్జ మీద మూడు ట్రంకు పెట్టెలుండేవి. కొత్త ఇంట్లో ఉన్నది ఒకే సజ్జ, అందులో సగం గీజరు పైపులకే పోయింది. ఒక్క పెట్టెకు చోటుంది, అంతే. 2022 ఏప్రిల్లో జిల్లాను విడగొట్టినప్పుడు ఏ మండలం చిత్తూరుకు, ఏది తిరుపతికి అని పంచారు గదా, ఇంచుమించు అదే పని నా నెత్తిన పడింది.

పెట్టెల్లో ఏమున్నాయంటే, ముప్పాతిక భాగం చందమామలు. వాటి సందుల్లో బాలమిత్రలు, బొమ్మరిల్లులు. అమర చిత్ర కథలు కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో. ఫాంటమ్, మాండ్రేక్ బొమ్మలతో ఇంద్రజాల్ కామిక్స్. శివకాశిలో అచ్చయిన తమిళ ముత్తు కామిక్స్. దేవస్థానం వాళ్ళ సప్తగిరి మాసపత్రికలు, పిల్లల కోసం వేసే బొమ్మల కథలతో సహా. మా ఇంట్లో వీటన్నిటికీ కలిపి బొమ్మల పుస్తకాలనే పేరు. చందమామను కామిక్స్ అనొచ్చా అనగూడదా అన్న తగాదా పండితులకు వదిలేద్దాం.

పెట్టెలు దించుతుంటే మా అమ్మ మంచం మీద కూర్చుని చూస్తా ఉండింది. "చదివేసినదానికి కాపలా ఎందుకురా అబ్బయా? పాత పేపర్లాయన్ని పిలిచి కాటా పెట్టిచ్చెయ్" అనింది. ఆమెది హుండీ పక్షం. ఫోన్లో మా చెల్లెలు "అన్నా, ఒక్కటి గూడా పారెయ్యద్దు, నేనొచ్చి చూసుకుంటా" అనింది. ఆమెది అర పక్షం. వచ్చి చూసుకుంటామన్నవాళ్ళు రాకపోవడం ఆ పక్షంలో మామూలే.

మొదట అందరూ చెప్పే సూత్రమే పట్టుకున్నా: ఇష్టమైనవి ఉంచు, మిగతావి పంపు. ఈ సూత్రం చీరలకూ చెంబులకూ పనికొస్తుందేమో గానీ చిన్నప్పటి పుస్తకాలకు పనికిరాదు. చేతిలోకి తీసుకున్న ప్రతిదీ ఇష్టమైనదే అయి కూర్చుంటుంది. చందమామ అట్ట మీద చిత్రకారుడు వపా గారి రంగులు కనిపిస్తే చాలు, లోపల ఏ కథ ఉందో గుర్తు లేకపోయినా చెయ్యి వదలదు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఉంచాల్సిన గుట్టే పెరిగింది, పంపాల్సిన గుట్టలో అట్టలు లేని రెండు బాలమిత్రలు మాత్రం పడ్డాయి. పాపం వాటికి అట్ట ఉండి ఉంటే అవీ గట్టెక్కేవి.

రెండో సూత్రం ధర. ఇంద్రజాల్ కామిక్స్ 1964లో మొదలై 1990లో ఆగిపోయాయి, కాబట్టి పాతవాటికి ఇంటర్నెట్‌లో మంచి గిరాకీ. అయితే ఆ గిరాకీకి ఒక షరతుంది. మడత ఉండగూడదు, పేరు రాసి ఉండగూడదు, పిన్ను తుప్పు పట్టి ఉండగూడదు. మొత్తమ్మీద ఏ పిల్లోడూ చదివినట్టు కనిపించగూడదు. మావి ఇల్లిల్లూ తిరిగిన పుస్తకాలు. ఎవరికిచ్చామో అట్ట వెనక పెన్సిలుతో రాసుకునేవాళ్ళం. అంత నలిగితే తప్ప వీధిలో నలుగురూ చదివినట్టు గాదు. బజారు లెక్కలో అదే వాటి లోపం.

మూడోది సెట్టు పూర్తి చెయ్యాలన్న యావ. జనవరి నుంచి డిసెంబరు దాకా ఉన్నాయి, నడుమ ఆగస్టు ఒక్కటి లేదు. ఆ లేని ఆగస్టు కోసం ఉన్న పదకొండూ మొయ్యాలి. ఈ జబ్బున్నవాళ్ళు పుస్తకాలను చదవరు, నంబర్లను చదువుతారు. ఆ యావ నాకూ కొన్నాళ్ళు ఉండింది, ఇల్లు మారేటప్పుడు మూటలెత్తే కూలీల రేటు వింటే దానంతటదే దిగింది.

అప్పుడు ప్రశ్నే మార్చి చూశా. ఇది నాకిష్టమా అని గాకుండా, ఇది నా దగ్గర లేకపోతే ఇంకెక్కడా లేకుండా పోతుందా అని అడిగా. ఈ ప్రశ్న వేశాక పెట్టెలు గబగబా తేలికపడ్డాయి.

చందమామనే తీసుకోండి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టారు. నాగిరెడ్డి గారిది కడప జిల్లా, మన సీమ మనిషి. తర్వాత 1980 నుంచి కొన్నేళ్ళు తిరుమల తిరుపతి దేవస్థానాల ధర్మకర్తల మండలి అధ్యక్షుడిగా కూడా ఉన్నారు. కొడవటిగంటి కుటుంబరావు పత్రికకు తన చేతి తెలుగు ఇచ్చారు. దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం లాంటి సీరియల్స్‌తో రెండు మూడు తరాల పిల్లల్ని నెలనెలా పోస్టుమాను కోసం వాకిట్లో నిలబెట్టారు. చిత్రా, శంకర్, వపా బొమ్మలు గీశారు. ఇంత ఘనమైన పత్రిక 2013కల్లా ఆగిపోయింది. దాన్ని తల్చుకుంటే ఒక్క ప్రతి కూడా వదల బుద్ధి కాదు. కానీ నా ప్రశ్నకు జవాబు వేరే. పాత సంచికలు స్కానయి కంప్యూటర్లలో తిరుగుతున్నాయి. దాసరి సీరియల్స్ పుస్తకాలుగా వచ్చాయి. నా ట్రంకులో ఉన్న ప్రతి వల్ల చందమామ బతకడం లేదు, నేను పంపేస్తే చచ్చిపోయేదీ లేదు. పత్రిక మీది గౌరవం వేరు, ఆ నెల కాగితం మీది మమకారం వేరు. ఈ రెంటినీ కలిపి కట్టేసుకునే మనం మోయలేనంత మోస్తున్నాం.

పైగా ఆ కాగితానికే ఆయుష్షు లేదు. చవక కాగితం, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది. అంచులు గోధుమరంగుకు తిరిగాయి. రామబాణం పురుగు నడిచిన చోటల్లా సన్నటి దారి. కలరా ఉండలు వేశాం, వేపాకు పెట్టాం, ఏవో నాలుగేళ్ళు ఆగుతుంది. ఎవరికోసమో దాస్తున్నామనుకుంటాం గానీ, పురుగులకు వారాల భోజనం పెట్టినట్టే జరుగుతోంది.

కాబట్టి చందమామలు చాలావరకు పాకాల దగ్గర ఒక పల్లె బడికి పోయాయి. చించినా ఫరవాలేదని చెప్పి మరీ ఇచ్చా. సప్తగిరులు దేవస్థానం వాళ్ళే ఇంటర్నెట్‌లో పెడుతున్నారు, వాటికి నా కాపలా అక్కర్లేదు. ఇంద్రజాల్ కామిక్స్ సెట్టు యావ ఉన్న ఒక మిత్రుడికి చేరాయి. ఆయన నంబర్లు చదువుకుంటాడు, ఆయన మనవడు కథలు చదువుకుంటాడు.

ముత్తు కామిక్స్ దగ్గర కాసేపు ఆగా. మీటరు గేజి రోజుల్లో చిత్తూరు నుంచి కాట్పాడికి రైలెక్కితే, దిగేసరికి బోర్డులన్నీ తమిళమే. అక్కడి నుంచి మా నాయన ఎప్పుడన్నా తెచ్చేవాడు. శివకాశిలో 1972లో ఆ వరస మొదలైనప్పుడు తొలి పుస్తకం ఇరుంబుక్కై మాయావి. అసలు అది ఇంగ్లండు బొమ్మల కథ. హీరోకు ఉక్కు చెయ్యి, కరెంటు షాకు తగిలితే మనిషి మాయమై చెయ్యి ఒక్కటే గాల్లో తేలుతుంది. క్యాలెండర్లూ టపాకాయలూ చేసే ఊరు ఇంగ్లండు, ఇటలీ కామిక్స్‌ను తమిళంలోకి దించి, తండ్రి తర్వాత కొడుకు నడుపుతూ ఇప్పటికీ అచ్చేస్తూనే ఉంది. మన తెలుగులో అట్లా నిలబడిన ఇల్లు లేదు. ఇది కొంచెం కుళ్ళుకుంటూనే ఒప్పుకోవాలి. కానీ అక్కడ ఇంకా అచ్చవుతున్నాయంటే, అడిగేవాళ్ళు ఉన్నారనే గదా. అడిగేవాడున్న చోటికి పుస్తకం పోవాలి. వేలూరు నుంచి ఒకాయన బస్సులో వచ్చి, సంచీలో సర్దుకుని, దోసె తిని పోయాడు. ఆయన మొహం చూస్తే నేనేం పోగొట్టుకున్నానో కాసేపు గుర్తే రాలేదు.

అమర చిత్ర కథలతో పేచీ వేరే రకం. 1967లో అనంత్ పై మొదలుపెట్టిన ఆ వరసలోనే మాలాంటివాళ్ళకు సగం పురాణం, ముప్పాతిక చరిత్ర అబ్బింది. బాగానే ఉంది. పెద్దయ్యాక తిరగేస్తే దేవతల్లో ఎక్కువమంది తెల్లగా, రాక్షసులు నల్లగా ఎందుకున్నారన్న ప్రశ్న వస్తుంది. నా రంగు చూసుకుంటే ఎటుపక్క నిలబడాలో తెలిసిపోతుంది. బొమ్మల పుస్తకంలో కృష్ణదేవరాయలు ఒకరు, తిరుమల గుడిలోకి పోతూనే మండపంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిల్చున్న లోహపు రాయలు ఇంకొకరు. మొదటాయన యుద్ధాలు గెలుస్తాడు, రెండో ఆయన వరసలో మనతోబాటు నిల్చున్నట్టుంటాడు. ఇందులో నాకు నచ్చనివి రెండు పుస్తకాలు ఉంచుకున్నా. నచ్చినవాటిని నోటితో చెప్పొచ్చు, నచ్చనిదాని గురించి వాదించాలంటే పేజీ తెరిచి చూపించాలి.

ఇట్లా పంపుతూ పోతే పెట్టె అడుగున మిగిలినవాటితోనే అసలు సంగతి బయటపడింది.

మా అమ్మ పుట్టింది పళ్ళిపట్టు దగ్గర పల్లెలో. అప్పుడది చిత్తూరు జిల్లా. రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదా మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రానికి పోయాయి, బదులుగా సత్యవేడు వైపు పల్లెలు మనకొచ్చాయి. మా తాత ఇల్లు అక్కడే ఉండింది, రాష్ట్రమే దాటిపోయింది. తెలుగులో చదువుతున్న పన్నెండేళ్ళ పిల్లకు ఉన్నట్టుండి తమిళం వచ్చి పడింది. చందమామ అంబులిమామ పేరుతో తమిళంలోనూ వచ్చేది. అవే కథలు, అవే బొమ్మలు. మా తాత ఎక్కడి నుంచి సంపాదించాడో గానీ రెండూ తెచ్చి పిల్ల ముందర పడేశాడు. మా అమ్మ బొమ్మకు బొమ్మ కలిపి, పక్కపక్కన పెట్టుకుని తమిళం చదవడం నేర్చుకుంది.

ఆ జత నా దగ్గరుంది. బేతాళ కథ పేజీ రెంటిలోనూ తెరిచి పెట్టా. ఎడమ పక్క తెలుగు, కుడి పక్క తమిళం. తమిళం వరసల కింద పెన్సిలుతో సన్నగా తెలుగు అక్షరాలు. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం గదా, అది వచ్చిన చోటల్లా మా అమ్మ రెండూ రాసి, తెలుగు పేజీ చూసి, ఒకటి కొట్టేసింది. కథ సగానికి వచ్చేసరికి కొట్టివేతలు తగ్గాయి. చివరి పేజీలో పెన్సిలు గుర్తులే లేవు. బేతాళుడు చెట్టెక్కేసరికి పిల్లకు చదవడం వచ్చేసిందన్నమాట.

ఈ రెండు సంచికలూ విడివిడిగా స్కాన్లలో దొరుకుతాయి. విడిగా వీటికి ఏ విలువా లేదు. కలిపి చూస్తేనే ఇవి ఒక పుస్తకం. సరిహద్దు గీత పక్కన పెరిగిన ఒక పిల్ల రాసుకున్న పుస్తకం, అచ్చేసినవాళ్ళకు కూడా తెలియని పుస్తకం.

రెండోది మా చిన్నాయన కట్టింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి కొడుకు బుజ్జాయి గీసిన డుంబు బొమ్మలు వారపత్రికల్లో వచ్చేవి. ఇలస్ట్రేటెడ్ వీక్లీకి పంచతంత్రం బొమ్మల కథగా గీసింది ఆయనే. తెలుగులో బొమ్మల కథకు దారి వేసినవాళ్ళల్లో ముందు వరస మనిషి. చిన్నాయన ఆ డుంబు పేజీలు వారంవారం కత్తిరించి, మైదా పిండి జిగురులో మైలుతుత్తం కలిపి అతికించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్టతో బైండు చేశాడు. మైలుతుత్తం పుణ్యాన ఈ పుస్తకం జోలికి పురుగు రాలేదు. నడుమ ఒక వారం పత్రిక ఎవరో అరువుకు పట్టకపోయి తిరిగివ్వలేదు. ఆ ఖాళీలో చిన్నాయన తనకు తోచిన కథ తనే గీసి అతికించాడు. చేతులు కర్రపుల్లల్లా, డుంబు మొహం పక్కింటి పిల్లోడిలా. కానీ ముందు వారం కథ నుంచి తర్వాతి వారం కథకు పోవడానికి అది చక్కగా సరిపోయింది. ఆ ఒక్క పేజీ లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ పుస్తకానికి పబ్లిషరు మా చిన్నాయన, ప్రచురణ ఒక్క ప్రతి.

అప్పుడర్థమైంది, ఉంచాల్సింది సంచికలను గాదు. సంచిక పత్రిక వాళ్ళది. దాన్ని పత్రిక ఎట్లాగో అట్లా, లైబ్రరీ ఎట్లాగో అట్లా, ఎవడో పుణ్యాత్ముడు స్కాను చేసో నిలబెడతాడు. చదివినవాళ్ళు దానితో ఏం చేశారన్నది మాత్రం ఆ ఇంట్లో తప్ప ఎక్కడా ఉండదు. పక్కపక్కన పెట్టి చదివారా, కత్తిరించి కుట్టారా, పోయిన పేజీని గీసి పూరించారా? ఒక పుస్తకాన్ని ఎవరు గీశారో చరిత్రకారులు రాస్తారు. దాన్ని గ్రీమ్స్‌పేటలో, పళ్ళిపట్టులో ఎట్లా చదివారో ఎవరూ రాయరు. ఆ చదువు గుర్తులున్నదే ఉంచుకోదగిన ప్రతి. సేకర్తలు దేన్ని చూసి ధర తగ్గిస్తారో అదే నా లెక్కలో ధర.

చెల్లెలు ఒప్పుకోలేదు. "అయితే ఈ గుర్తులు నువ్వొక్కడివే గదా చదవగలిగేది, నీ తర్వాత?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. నాకు మళ్ళీ తాళ్ళపాక అర తలపుకొచ్చింది. అన్నమయ్య 32 వేల కీర్తనలు చెప్పాడంటారు, దొరికింది అందులో సగం కూడా లేదు. రాగి కాబట్టి రేకులు మిగిలాయి, నిజమే. అయితే మిగలడంతోనే పాట కాలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు కూర్చుని చదివి, ఎత్తి రాసి, అచ్చు వేయించబట్టి అవి మళ్ళీ నోళ్ళకెక్కాయి. అది కూడా ప్రతి పాట మీదా రాగం పేరు చెక్కి ఉండబట్టి. ఎట్లా పాడేవాళ్ళో బాణీ పోయింది, రాగం పేరు మాత్రం మిగిలింది. ఆ ఒక్క మాట సాయంతో తర్వాతివాళ్ళు బాణీలు కట్టుకున్నారు.

అందుకని పెట్టెలో పెట్టే ప్రతిదానికీ ఒక చీటీ రాసి లోపల పెట్టా. ఎవరిది, ఎక్కడిది, ఎందుకు ఉంచాను. అమ్మ జతకు చీటీ రాయడానికి ఆమెనే అడిగితే చాలాసేపు నవ్వి, పన్నెండేళ్ళప్పుడు తమిళం పంతులు దగ్గర తిన్న మొట్టికాయలతో సహా చెప్పింది. కాటా పెట్టమన్న మనిషే ఆ రెంటినీ పాత పేపర్లాయనకు ఇయ్యొద్దనింది. "మిగతాయి ఏమన్నా చేస్కో" అని కూడా అనింది.

చీటీ రాయడం మొదలుపెట్టాక పెట్టె ఇంకా తగ్గింది. రెండు వాక్యాలు రాయడానికి పెన్ను కదలకపోతే, ఆ పుస్తకం మీద నాకున్నది ఇష్టం గాదు, అలవాటు. ఉంచుకోవాలనుకున్న బొమ్మరిల్లులు అట్లా రెండు కట్టలు పోయాయి. నచ్చని అమర చిత్ర కథలు నిలబడ్డాయి, వాటికి చీటీ పేజీన్నర వచ్చింది.

దాచుకోవడానికి చోటు కావాలి, ఓపిక కావాలి, కలరా ఉండలు కావాలి. ఇవన్నీ ఉన్నా కారణం రాసి పెట్టకపోతే, మన తర్వాత ఆ పెట్టె తెరిచినవాళ్ళకు కనిపించేది పాత కాగితమే. వాళ్ళు పేపర్లాయన్ని పిలిచి కాటా పెట్టిస్తే తప్పు వాళ్ళది గాదు. మీ సజ్జ మీద గూడా పెట్టె ఉంటే ఒకసారి దించండి. దేన్ని ఉంచాలన్న మీమాంస అక్కర్లేదు. చీటీలు కత్తిరించుకుని కూర్చోండి, పెన్నే చెబుతుంది.